పక్కింటి తాళంచెవి

ఈ సంగతి ముందే రాయాల్సింది. అప్పట్లో నాకు అక్షరాలు రావు. అరవై దగ్గరపడినాక మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. నేర్చుకుని రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ రాయకపోవడానికి భయమే కారణం.

మాది కోసిగి పక్క ఊరు. ఇక్కడి పనులు అయిపోతే సగం ఊరు సుగ్గికి పోతుంది. గుంటూరు దిక్కున మిరపకాయలు కోసి, మళ్లీ ఉగాదికే రావడం. పక్కింటామె కూడా మొగుణ్ణి, ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని పోతుంది. రేకుల కింద ఒకటే గది వాళ్లది. పోయేటప్పుడు తాళంచెవి నా చేతిలో పెడుతుంది.

నాలుగేళ్ల కింద ఇళ్ల స్థలాల సర్వేకు ఒకాయన వచ్చినాడు.

"ఈ ఇంట్లో ఎవరుంటారమ్మా?"

"ఎవరూ లేరు సార్."

"ఊరిడిసి పోయినారా?"

నేను పలకలేదు. స్థలాలు తక్కువ, నా కొడుకు పేరు కూడా అదే పట్టీలో ఉంది. ఆయన ఏదో రాసుకుని కాగితం చాచితే వేలిముద్ర వేసినాను. అప్పుడు ఆ తాళంచెవి నా కొంగుకే కట్టి ఉండింది.

నా కొడుక్కు స్థలం వచ్చింది. ఉగాదికి ఆమె తిరిగొచ్చి, "మా పేరు యాల రాలేదత్తా?" అనింది. "ఏమోమ్మా, ఆఫీసోళ్లకే తెలియల్ల" అన్నాను. ఆమె నమ్మింది. అదే నన్ను ఇన్నాళ్లూ తిన్నది.

ఈసారి సుగ్గికి పోతా తాళంచెవి ఇచ్చి నవ్వింది. "మళ్లీ సర్వే అంటాండారు. తాళానికి నోరు లేదు, నువ్వే చెప్పాల అత్తా."

నిన్న దండోరా వేసినారు, రేపే సర్వే అని. సాయంత్రం కూర్చుని అర్జీ రాసినాను. వాళ్లు సుగ్గికి పోయినారని, పోయినసారి దాచింది నేనేనని. కింద సంతకం పెట్టినాను.

ఈ పొద్దున సర్వేకు వచ్చిన పిల్లోడు అది చదివి, "నీ కొడుకు స్థలానికి అడ్డమొస్తాదేమో అవ్వా" అన్నాడు.

"రానీలే. ఊరంతా సుగ్గిలో ఉంటే ఇప్పుడొచ్చి ఎవరిని లెక్క రాస్తారప్పా? ఉగాది అయినంక రాకూడదా?"

"తేదీలు పైనోళ్లు ఇస్తారవ్వా."

"ఆ మాట కూడా పైకి రాయి. ముందు ఇట్లా రా."

కొంగు ముడి విప్పి, పక్కింటి తాళం తీసి తలుపు తెరిచినాను. బోర్లించిన గిన్నెలు, పిల్లల బడిసంచులు, చుట్టిపెట్టిన పరుపు, అన్నీ చూపించినాను.