నోరు మూసుకుని చేసిన తీర్మానం

కోయంబత్తూరు పీలమేడులో నా అసలు ఉద్యోగం రౌటర్లకు సాఫ్ట్‌వేర్ రాయడం. కొసరు ఉద్యోగం పోట్లాట. ఇంటర్నెట్ ఎలా నడవాలో నియమాలు రాసే ఇంజనీర్ల కూటమి ఒకటుంది. అందులో ఎవరైనా చేరవచ్చు, ఎవరితోనైనా ఈమెయిళ్ళలో తగవు పెట్టుకోవచ్చు. ఇంత సౌకర్యం నాకు మా ఇంట్లో కూడా దొరకలేదు. నా వాదన ఒకటే: ఒకరు ఇంకొకరికి పంపే సమాచారాన్ని మధ్యలో మోసే నెట్‌వర్కు విప్పి చూడకూడదు. ఏ దేశంలోనో ఉన్న ఒక పెద్దమనిషి దీనికి ఏళ్ళ తరబడి అడ్డం పడుతున్నాడు. కనబడకపోతే కాపాడేదెలా అని ఆయన వాదన. ఆ ఒక్క ముక్కనే పేజీలకు పేజీలు సాగదీస్తాడు. నేనూ తక్కువ తినలేదు.

ఆ కూటమిలో ఓట్లుండవు. సభ మధ్యలో అధ్యక్షుడు "ఇది కావాలనేవాళ్ళు హమ్ చెయ్యండి" అంటాడు. నోరు మూసుకుని గొంతులోంచి "మ్ మ్ మ్" అనాలి. తర్వాత వద్దనేవాళ్ళ వంతు. ఎవరు మూలిగారో తెలియదు, లెక్కపెట్టడం కుదరదు. గది ఎటు మొగ్గుతోందో చెవికి తెలుస్తుంది, అంతే. గడ్డాలు నెరిసిన ఇంజనీర్లు అంత గంభీరంగా మూలగడం మొదటిసారి స్క్రీన్ మీద చూసినప్పుడు, నా గొంతు అక్కడికి చేరదని తెలిసీ ఇంట్లో కుర్చీలో కూర్చుని నేనూ గట్టిగా మూలిగాను. అమ్మ మిరియాల కషాయం పెట్టి తెచ్చింది.

ఇక మా వాళ్ళ సంగతి. మదురై పక్కన వాడిపట్టి దగ్గర మా కులదేవత గుడి ఉంది. దాని వ్యవహారాలు చూసేది పంగాళీలు, అంటే మా వంశం మగవాళ్ళు. ప్రాకారంలోనే ఒక గదిలో మా అత్త ఉంటుంది, నాన్నకు అక్క. మామయ్య పోయాక వచ్చి, గుడిలో దీపం చూసుకుంటోంది. ఎవరో హుండీ తాళం మీద దెబ్బలు వేశారని గుడి సంఘం కెమెరాలు పెట్టించింది. నెట్‌వర్కు నేను పెట్టాను. కెమెరాలు ఎక్కడ బిగించాలో మాత్రం పెద్దలు నిర్ణయించారు. హుండీ వైపు చూడాల్సిన కెమెరాలో హుండీ మూలకు ఇంత కనబడేది. మిగతాదంతా అత్త గుమ్మం, గుమ్మం ముందు తిన్నె.

కోయంబత్తూరు నుంచి మదురై దాకా మా వాళ్ళందరి ఫోన్లలోకీ అత్త వచ్చేసింది. మిల్లు నడిపే పెదనాన్న అత్తకు ఫోన్ చేసి, పెరుగావిడ పొద్దున రెండుసార్లు ఎందుకొచ్చిందని అడిగేవాడు. సంఘానికి తలైవర్, అంటే అధ్యక్షుడైన చిన్నాన్నకు గాంధీపురంలో జౌళి దుకాణం ఉంది. ఆయన దుకాణంలోని పెద్ద టీవీలో గుడి పెట్టించాడు, కొనేవాళ్ళకు దేవత దర్శనం అవుతుందని. దేవత ఎక్కడ కనబడుతుంది? అత్త మునగాకు ఏరుతూ కనబడేది. పెళ్ళి చీరలకు వచ్చినవాళ్ళు చీరలు వదిలేసి, ఆవిడ కాడలు సరిగా తీయడం లేదని తమలో తాము చెప్పుకునేవారు.

అత్త నాకు ఫోన్ చేసింది. "తిన్నె మీద కాళ్ళు చాపుకోని కూచోని ఎన్నాళ్ళాయెనో అమ్మణీ. ఎవురో చూస్తానే వుండారు. పైట సర్దుకొనేదానికే పొద్దంతా సరిపోతాది. నా వాకిట్లో నేను కూచునేదానికి లేదా?"

నాకు ఒళ్ళు మండింది. వెంటనే పాస్‌వర్డ్ మార్చేశాను. ఎవరికీ కనబడటం లేదని గోల మొదలైంది. చిన్నాన్న నన్ను బతిమాలి కొత్తది తీసుకుని, అందరికీ సౌకర్యంగా ఉంటుందని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెదనాన్న దగ్గరికి వెళ్ళి కెమెరా తిప్పమని అడిగాను.

"చూడకుంటే పాదుకాప్పు ఎట్లమ్మా?" అన్నాడు.

ఆ విదేశీ పెద్దమనిషి భద్రత అంటాడు, ఈయన పాదుకాప్పు అన్నాడు. మిగతాదంతా అక్షరం పొల్లు పోలేదు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేమోనని అనుమానం వచ్చింది.

విషయం గుడి కూటానికి, అంటే మా వాళ్ళ సభకు వచ్చింది. మా కూటంలో పంగాళీలు చెయ్యెత్తి తీర్మానిస్తారు. ఆడవాళ్ళకు మాట లేదు. వేరే వంశంలోకి పోయి తిరిగొచ్చిన అత్తకైతే అసలే లేదు. చెయ్యెత్తడంలోనూ ఒక పద్ధతుంది. గుడికి పాలరాయి వేయించిన పెదనాన్న చెయ్యి లేస్తే అందరి చేతులూ లేస్తాయి. అందుకని ముందురోజే చిన్నాన్నకు హమ్మింగ్ సంగతి చెప్పాను. ప్రపంచంలో పెద్ద పెద్ద ఇంజనీర్లు ఇలాగే చేస్తారన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఒకసారి చేసి చూసుకున్నాడు.

"ఓంకారం మాదిరే వుండాది. గుడికి రొంబ మంచిది," అన్నాడు.

మండపంలో జంపఖానాల మీద మగవాళ్ళు కూర్చున్నారు. వెనక కూరగాయలు తరుగుతూ ఆడవాళ్ళు. ఇంకా వెనక, అన్నం వార్చుతూ అత్త. హమ్ అంటే ఏమిటో అందరికీ చేసి చూపించి, కెమెరా ఉన్నట్టే ఉండాలనేవాళ్ళు హమ్ చెయ్యమన్నాడు చిన్నాన్న. పెదనాన్న బాగా శ్రుతిలో అందుకున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు తోడయ్యారు. స్తంభానికి ఆనుకుని ఒక తాత గురక పెడుతున్నాడు. గురక లెక్కలోకి వస్తుందా రాదా అని కాసేపు వాదన జరిగింది. తాతను లేపి అడిగితే, ఆయన దేనికైనా సమ్మతమే అన్నాడు.

"సరి. తిప్పేయాలనేవాళ్ళు," అన్నాడు చిన్నాన్న.

మొదట వెనక నుంచి సన్నగా లేచింది. తరవాత మిల్లులో షిఫ్టు మొదలైనట్టు మండపమంతా మోగింది. కూరగాయల దగ్గర చేతులు ఆగలేదు, ఎవరి నోరూ కదల్లేదు. ముందు వరసల్లోంచీ వస్తోంది! పెదనాన్న తల తిప్పి ఒక్కొక్కరినీ చూశాడు. అందరూ దేవత వైపు చూస్తున్నారు. ఆయన సొంత కొడుకు మెడలో నరం మాత్రం అదురుతోంది.

"ఆడోళ్ళు చేసినారు! అది చెల్లదు!" అన్నాడు పెదనాన్న.

"ఎవురు చేసినారుంగ? నేను ఎవురినీ చూడలే," అన్నాడు చిన్నాన్న. ఆయన ఇంత ధైర్యంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మళ్ళీ చేయించాలన్నాడు పెదనాన్న. మళ్ళీ చేయించారు. ఈసారి గట్టిగా వచ్చింది. అందరూ ఆపాక కూడా ఒక్క గొంతు ఆగలేదు. గరిటె పట్టుకుని, కళ్ళు మూసుకుని, అన్నం ఆవిరిలో నిలబడి అత్త ఒక్కతే ఇంకా మూలుగుతోంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ ఇంజనీర్ల సభల్లో నాకెప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రమే నిచ్చెన ఎక్కి కెమెరాను నేనే హుండీ వైపు తిప్పాను. జౌళి దుకాణం టీవీలో ఇప్పుడు హుండీ కనబడుతోంది. ఎవరూ చూడటం లేదట.

వారం పోయాక అత్తకు ఫోన్ చేశాను. తిన్నె మీదే ఉన్నట్టుంది, వెనక కాకులు వినబడుతున్నాయి. ఇంకేదో చప్పుడు కూడా, ఏమిటో పోల్చుకోలేకపోయాను.

"ఏం చేస్తా వుండావు అత్తా?" అన్నాను.

"ఏమో చేస్తా వుండా. అది నీకేంటికి అమ్మణీ?" అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ అనాల్సిన మాటే అంది. ఆ మాట కోసమే కదా నేను ఊరందరితో, ప్రపంచంతో పోట్లాడింది. సంతోషంగానే ఉంది. కానీ ఆవిడ అక్కడ ఏం చేస్తోందో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.