దొరసాని నొసటి బొట్టు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నీకు చెబుతున్నాను. చదివాక నన్ను ఓదార్చకు. ఓదారిస్తే నీ మీద కూడా కోపం వస్తుంది.

పాత తైలవర్ణ చిత్రాలను శుభ్రం చేయడం, అవి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చాయో వెతికి రాయడం నా పని. హైదరాబాదులో ఒక వర్క్‌షాపులో కొత్తగా చేరినప్పుడు ఒక దొరసాని చిత్రం వచ్చింది. వేసినవాడు గొప్ప చిత్రకారుడే. ఆ కళ్లు చూస్తే తెలుస్తుంది. తెచ్చినవాడు ఆమె మునిమనవడు. తరతరాలుగా తమ గడిలోనే, కోటలాంటి ఆ దొరల ఇంట్లోనే ఉందన్నాడు. నొసట మాత్రం ఎర్రటి మచ్చ. భూతద్దం పెడితే పొరలు కనిపించాయి. కుంకుమ, దాని మీద పొయ్యి పొగ, మళ్లీ కుంకుమ, మళ్లీ పొగ. గడి గోడకు అంత పొగ ఎక్కడిది?

వెతుక్కుంటూ దేవరకొండ దగ్గర ఆ గడి ఉన్న పల్లెకు పోయాను. పటం గురించి అడిగితే గొర్లు కాసే వాళ్ల ఇల్లు చూపించారు. మల్లమ్మ అనే ముసలవ్వ చెప్పింది. గడి ఖాళీ చేసి పోతూ దొరసానే, తనకు పురుళ్లు పోసిన మల్లమ్మ అత్తకు ఆ పటం ఇచ్చిందట. కడిగించి తెస్తానని మునిమనవడు మొన్ననే కారులో పెట్టుకుపోయాడట. రాసిచ్చిన కాగితం ఉందా అని అడిగాను.

"గింత సదువు సదివినవు, నీకు గూడ కాయితమే కావాల్నా బిడ్డా? పెత్రమాస పెత్రమాసకు, పెద్దల అమాస నాడు, మా పెద్దలతోని గామెకు గూడ బొట్టు పెట్టినం. నొసలు సూడు."

"చూసిన అవ్వా. గది సాలు."

"మరి జల్ది పంపు. పెత్రమాస నాటికి గామె నొసలు ఉత్తగ ఉండొద్దు."

తిరిగి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మునిమనవడు గొంతు కూడా పెంచలేదు. ఆ మురికి తీసేయమన్నాడు. చిత్రం చరిత్ర నివేదిక కింద నీ పేరే వేద్దామని మా యజమాని అన్నాడు.

తుడిచాను. తడి దూదితో, ఓపిగ్గా, పొర తర్వాత పొర. చిత్రకారుడు వేయనిదాన్ని తీసేయవచ్చని నా చదువులో నేర్పారు. నియమం పాటించానని చాలాకాలం చెప్పుకున్నాను. మరి తుడవకముందు తీసిన ఫొటోలు ఎందుకు చెరిపేశాను? గడి నుంచి నేరుగా వారసుడికి వచ్చిందని ఎందుకు రాశాను?

తర్వాత మల్లమ్మ కొడుకు వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. మునిమనవడి ఎదుటే, మా అమ్మ పెట్టిన బొట్టు ఉండెనా లేదా మీరే చెప్పండి సార్ అని అడిగాడు. నన్ను నమ్మి అడిగాడు. పొగమసి తప్ప ఏమీ లేదన్నాను. అతను నన్నొకసారి చూసి వెళ్లిపోయాడు. చిత్రం అమ్ముడుపోయింది.

అన్నిటికన్నా మండేది ఒకటుంది. మునిమనవడి దగ్గర కూడా ఏ కాగితమూ లేదు. అతన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. గుడిసె ముందు నిలబడితేనే నాకు కాగితం గుర్తొచ్చిందా? నాదీ నల్లగొండ పల్లెనే. మా అవ్వ మాటకు ఏనాడైనా కాగితం అడిగానా?

మల్లమ్మవ్వ ఉందో లేదో కనుక్కోలేదు. పోతే తిట్టదు. కూసో బిడ్డా, చాయ్ తాగు అంటుంది. అది తట్టుకోలేను.

ఆ నొసట బొట్టు ఉండింది. నేను చూశాను. నేనే తుడిచాను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.