పెనుకొండలో కనబడని బటన్

ఆ రోజుల్లో నేను హిందూపురం నుంచి రోజూ రైల్లో బెంగళూరు పోయి, వెబ్‌సైట్లు సరిగా పని చేస్తున్నాయో లేదో చూసే ఉద్యోగం చేసేదాన్ని. చూసేది నేను కాదు, నేను రాసిన ప్రోగ్రామ్. అది తనంతట తానే పాత, కొత్త బ్రౌజర్లు తెరిచి, పేజీలు తిప్పి, బటన్లు నొక్కి, అంతా బాగుంటే ఆకుపచ్చ గుర్తు చూపించేది. ఆ గుర్తు చూస్తే నాకు కడుపు నిండేది. ఎవరైనా తప్పుందంటే మాత్రం కోపం ముక్కు మీదే ఉండేది.

ధర్మవరంలో ఒక నర్సింగ్ కాలేజీకి మా కంపెనీ దరఖాస్తుల సైట్ చేసింది. పెనుకొండలో నాయన దగ్గరున్న మా చెల్లెలికి ఆ సీటంటే ప్రాణం. గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం నెట్ సెంటర్ నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, అంతా నింపినా. పంపే బటన్ యాడా కనబడ్డంలేదు."

"ఆడే ఉండాది. పొద్దున్నే చూసినా. కండ్లు తెరిచి చూడు!"

"సరేలేక్కా."

మా ఇంట్లో కంప్యూటర్ సంగతంటే నా మాటే వేదం. పాపం, నెట్ సెంటర్ మూసేదాకా వెతికిందట. గడువు దాటిపోయింది. మతిలేనిదానా, నీకు కండ్లు కనబడవా అని నేను తిట్టాను కూడా.

తర్వాతి వారం ఇంకెవరో అదే ఫిర్యాదు చేస్తే అప్పుడు చూశాను. ఆ బటన్ మొదట దాగి ఉంటుంది, అన్నీ నింపాక బయటికి రావాలి. పాత బ్రౌజర్లలో రావడం లేదు. నా ప్రోగ్రామ్ బటన్ పేజీలో ఉందా అని చూసిందే గానీ, కంటికి కనబడుతోందా అని చూడలేదు. దాగి ఉన్నదాన్నే నొక్కేసి, బాగుందని చెప్పింది. నెట్ సెంటర్లో కూర్చున్న పిల్ల ఎలా నొక్కుతుంది? ఒక్క లైను మార్చి మళ్లీ నడిపితే ఎర్ర గుర్తు వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. కాలేజీకి ఫోన్ చేస్తే సీట్లు నిండిపోయాయన్నారు.

ఫోన్లో చెప్పే ధైర్యం లేక, సెలవు పెట్టి పెనుకొండ పోయాను. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది.

"మీ నాయన ఆ బిడ్డను పుట్టపర్తి ఆసుపత్రికి పిల్చుకపోయినాడు. కండ్లు సరిగా లేవని నువ్వే అంటివంట కదే."

గడప మీదే కూర్చుని వాళ్ల కోసం ఎదురుచూశాను. సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి వచ్చారు. నేను నోరు తెరిచేలోపే చెల్లెలు నా పక్కన కూర్చుంది.

"కండ్లు బాగుండాయంటక్కా," అంది దిగులుగా. "మరి నాకెందుకు కనబడలేదు?"