గంటకో చుక్క

1978లో మట్టెవాడలోని ఒక చిన్న ధర్మ కంటి దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేరాను. డాక్టరు ఒక్కరే. మందు ఎలా వాడాలో రోగికి చెప్పే పని కూడా ఆయనదే.

ఆ ఏడు దసరాకు ముందు మల్లయ్య అనే నేతగాడు వచ్చాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు కుడి కంట్లో నూలు నలక పడితే బాగా నులుముకున్నాడు. డాక్టరు గారు రంగు చుక్క వేసి నీలి లైటు కింద చూస్తే, నల్లగుడ్డు మీద పుండు పచ్చగా మెరిసింది. అలాంటి పుండును క్రిములు చూస్తుండగానే లోపలికి తొలిచేస్తాయి. అందుకే దవాఖానలో చేరమన్నారు. పండుగ బట్ట నేసి మగ్గం మీంచి దించాలని మల్లయ్య ససేమిరా అన్నాడు. చేసేదిలేక యాంటీబయాటిక్ చుక్కల సీసా ఇచ్చి, గంటకో చుక్క వేయాలని, మరిస్తే కన్ను దక్కదని గట్టిగా చెప్పి పంపారు.

పండుగ దాటాక భార్య లచ్చవ్వ అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెప్ప ఎత్తి చూశాను. కనుగుడ్డు లోపల, అడుగున, చీము తెల్లగా పేరుకుంది. సీసాలో మందు చాలావరకు అలాగే ఉంది. భయానికి నాకు కోపం కూడా తోడైంది. ఉన్న ఒక్క కన్నూ పోగొట్టుకుంటారా అని ఇద్దరినీ కేకలేశాను.

"అయ్యో సిస్టరమ్మా, గంట కొట్టినప్పుడల్ల ఏసిన. బతుకమ్మ సెలవులకు బడి బందాయె. గంటే కొట్టకపాయె, ఇగ మందెప్పుడెయ్యాలె?" అంది లచ్చవ్వ.

వాళ్లిల్లు బడికి ఎదురుగానే. ఇంట్లో గడియారం లేదు. వాళ్లకు గంటంటే బడి గంటే.

డాక్టరు గారి ముఖం పాలిపోయింది. గుడ్డుకు చిల్లు పడితే ఇక మన చేతుల్లో ఏమీ ఉండదని నన్ను పక్కకు పిలిచి చెప్పారు. వెంటనే మంచం ఇచ్చాం. జెంటామైసిన్ ఇంజెక్షన్ మందు కలిపి చుక్కల బలం పెంచారు. డ్యూటీలో ఎవరుంటే వాళ్లం గడియారం చూసుకుంటూ వేశాం. మంటకు మల్లయ్య పళ్లు బిగించేవాడే కానీ వద్దనలేదు.

"జర చెప్పు సిస్టరమ్మా, సూపు ఉంటదా, పోతదా?" అని అడిగేవాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికీ భయమే. పొద్దున్నే రెప్ప ఎత్తి, చీము ఎంత తగ్గిందో చూసేదాన్ని.

చిల్లు పడలేదు. చీము కరిగింది, మచ్చ మిగిలింది. మనుషులను గుర్తుపట్టేవాడు, దారి చూసుకుని నడిచేవాడు. పోగు మాత్రం కనిపించేది కాదు. మగ్గంలో లచ్చవ్వ కూర్చుంది.

ఎంత మంచి మందైనా రోగికి అర్థమైన తీరులోనే పనిచేస్తుంది. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, సీసా చేతికిచ్చే ముందు, ఎప్పుడెప్పుడు వేస్తావో నువ్వే చెప్పు అని ప్రతి రోగినీ అడిగాను. అర్థమైందా అని మాత్రం అడగలేదు. అలా అడిగితే అందరూ అయిందనే అంటారు. మల్లయ్య కూడా అయిందనే అన్నాడు.