అరవై తొమ్మిదికి డి

1981 ఆగస్టులో షికాగోలోని ఒక యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసులో విదేశీ సర్టిఫికెట్ల ఎవాల్యుయేటర్‌గా చేరాను. ఊరి శివారు నేపర్‌విల్‌లోని మా ఇంటి నుంచి పొద్దున ఏడింటి రైలు, సాయంత్రం ఐదున్నర రైలు. రిటైరయ్యేదాకా అదే దారి. నా పని చెప్పడానికి చిన్నదే. బయటి దేశంలో చదివినవాళ్ళ మార్కుల పత్రం సీలు వేసిన కవర్లో నేరుగా మా ఆఫీసుకి రావాలి, విద్యార్థి చేతిమీదుగా రాకూడదు. దానికి అధికారిక అనువాదం జతచేసి, ఆ మార్కులు ఇక్కడి ఎ, బి, సి, డి గ్రేడుల్లో దేనికి సమానమో ఒక పట్టిక చూసి రాసి సంతకం పెట్టాలి. నా సంతకం కింద మా పై అధికారి, అసోసియేట్ రిజిస్ట్రార్ హెలెన్ సంతకం. ఆ రెండూ పడ్డాక ఇక దేవుడు దిగివచ్చినా గ్రేడు మారదని ఆఫీసులో అనుకునేవాళ్ళం.

ఆ పట్టికతో నాకు పాత తగాదా ఉంది. గుంటూరులో నేను బి.ఎ. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, అరవై రెండు శాతం. ఇక్కడికొచ్చి ఎం.ఎ.కి అప్లై చేస్తే, అరవై రెండంటే డి గ్రేడన్నారు. మా కాలేజీ మొత్తంలో ముగ్గురికే వచ్చిన ఫస్ట్ క్లాసండీ అది! ఒళ్ళు మండిపోయింది. అందుకే ఉద్యోగంలో చేరిన ఏడాదే హెలెన్‌తో పోట్లాడి, పట్టికలో ఇండియాకి విడిగా ఒక వరస రాయించాను. అరవై దాటితే ఎ. ఆ గెలుపు గుర్తుగా నా డిగ్రీ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి, కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాను.

1986 మార్చిలో రూత్ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. రూత్ వాళ్ళది మా తెలుగు చర్చికి వచ్చే కుటుంబమే. మూడేళ్ళప్పుడు ఏలూరు నుంచి వచ్చిన పిల్ల. అరబిక్ మేజర్‌గా, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుగా తీసుకుని, మూడో ఏడు కైరోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివింది. అమెరికన్ పిల్లల కోసం నడిపే విడి క్లాసులు కావవి. అక్కడి విద్యార్థుల పక్కన కూర్చుని, అరబిక్‌లో చరిత్ర పాఠాలు విని, అరబిక్‌లోనే పరీక్షలు రాసింది. ఆ మార్కుల పత్రం ఆలస్యంగా మాకు చేరింది. అరవై ఆరు, అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి, అరవై తొమ్మిది.

పట్టికలో ఈజిప్టుకి వరస లేదు. లేని దేశాలకి మామూలు అమెరికా శాతాల వరసే వాడాలని రూలు: తొంభై దాటితే ఎ, డెబ్బైల్లో సి, అరవైల్లో డి. మూడు డి, ఒక సి వేశాను. మేజర్‌లో డి వస్తే ఆ సబ్జెక్టు చెల్లదు. అంటే కైరో ఏడాది పోయినట్టే, మేలో డిగ్రీ రాదు, అప్పటికే వచ్చిన పీజీ సీటు చేజారుతుంది. ఇదంతా నాకు తెలుసు. కానీ మనవాళ్ళమ్మాయి కదాని కమలగారు చూసీచూడనట్టు వదిలేశారని నా మీద మాట పడకూడదని, ఇంకాస్త బిగదీసుకుని సంతకం పెట్టాను.

రెండు రోజులకి రూత్ ఆఫీసుకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. “ఆంటీ, నేను క్లాస్‌లో థర్డ్ వచ్చాను. థర్డ్ వస్తే డి ఎలా?” అని, అక్కడి నోటీసు బోర్డు నుంచి ఎత్తి రాసుకున్న మార్కుల జాబితా చూపించింది. క్లాసు మొత్తం మీద పెద్ద మార్కు డెబ్బై నాలుగు. చేత్తో రాసుకొచ్చిన కాగితం చెల్లదనీ, రూలు అందరికీ ఒకటేననీ నేను చెప్పుకుపోతున్నాను. ఆ పిల్ల నా వెనక గోడకేసి చూసింది.

“ఆ సర్టిఫికెట్ మీదేనా? ఫస్ట్ క్లాస్ అని ఉంది. మీకు ఎంత పర్సెంట్ వచ్చింది ఆంటీ?”

అందులో వెటకారం లేదు. ఇక్కడ పెరిగిన పిల్ల, ఇండియాలో ఫస్ట్ క్లాసంటే ఎంతో తెలియకే అడిగింది. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అరవై రెండు అని చెప్పాను. రూత్ తన కాగితం మడిచి నా బల్ల మీదే పెట్టి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే కైరోకి టెలెక్స్ పంపించాను. ఆ క్లాసులో ఎవరెవరికి ఎన్ని మార్కులో, రూత్ ఎన్నో స్థానమో డీన్ ధ్రువీకరించాలని అడిగాను. గ్రేడులు సవరించడానికి ఏప్రిల్ నెలాఖరు గడువు. జవాబు వచ్చేసరికి ఇంక నాలుగు రోజులే మిగిలాయి. రూత్ చెప్పింది అక్షరాలా నిజం.

సవరణ ఫారంలో కారణం కింద రెండు గళ్ళుంటాయి. ఒకటి కొత్త సమాచారం, రెండోది ఎవాల్యుయేటర్ పొరపాటు. మొదటిదానికి టిక్కు పెట్టమని హెలెన్ సలహా ఇచ్చింది. రెండోది పెడితే అది నా సర్వీసు రికార్డులోకెక్కుతుంది. మంచి మనసుతోనే చెప్పింది. అయితే కొత్త సమాచారం అంటే రూత్ ఫైలొక్కటే మారుతుంది. పొరపాటు అంటే, ఆ దేశం నుంచి వచ్చిన పాత ఫైళ్ళన్నీ తిరిగి తెరవాలని రూలు. నేను రెండో గడికి టిక్కు పెట్టాను. హెలెన్ దాని కింద సంతకం చేసింది.

మేలో రూత్ డిగ్రీ తీసుకుంది, పీజీలో చేరింది. తర్వాతి నెలలో ఈజిప్టు వరస కూడా పట్టికలోకి ఎక్కింది.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక్కటే. నా వరస రాయించుకున్న రోజున పట్టిక బాగుపడిందనుకున్నాను. పక్కన ఏ దేశానికి వరస లేదో అప్పుడే చూడవలసింది. ఆ తర్వాత పట్టికలో లేని దేశం ఏ ఫైల్లో కనబడినా, ముందు అక్కడ క్లాసులో మొదటివాడికి ఎన్నొచ్చాయో కనుక్కోకుండా కలం ముట్టలేదు.

తిరిగి తెరిచిన పాత ఫైళ్ళు ఆరు. గ్రేడులు సవరించి ఆరుగురికీ ఉత్తరాలు రాశాను. ఐదుగురు జవాబిచ్చారు. ఆరోవాడు నా డి గ్రేడులు చూసి మొదటి టర్ములోనే చదువు మానేశాడని ఫైల్లో ఉంది. అతనికి రాసిన ఉత్తరం చిరునామాదారు లేడని తిరిగొచ్చింది. గోడ మీది ఫ్రేము దించి, దాని మేకుకి ఆ కవరు తగిలించాను. రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది.