పోయినాడు అన్న మాట

ఒక్క మాటను ఇన్నేండ్లుగా మోస్తాండా. పెద్ద మాటేం గాదు. ఇంట్లో, బజార్లో, బస్సులో పొద్దస్తమానం అనేదే. అది నా నోట్లోనుంచి వచ్చింది, ఇంకొకరి నెత్తిన పడింది. పడనిచ్చింది నేను.

పేరు చెప్పను. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెద్ద సిస్టర్ని. తప్పు చెప్పేముందు నా గొప్ప కొంచెం చెప్పుకోనీండి, ఎందుకంటే రెండూ ముడిపడి ఉండాయి. రోగి తరఫువాళ్ళు కోపంతో మీదికొస్తే ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు తమను తాము ఎట్లా కాపాడుకోవాల అని నేను క్లాసులు చెప్తా. నంద్యాలలో చెప్తా, ఆళ్లగడ్డలో చెప్తా, బనగానపల్లె నుంచి పిలిస్తే ఆడికీ పోతా. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా డాక్టర్లు గూడా కూచోని వింటారు. కౌంటరు వెనక ఇంకో తలుపుండాల. మెడలో కార్డు తాడు పట్టి లాగితే ఊడొచ్చేటట్లుండాల. కోపంగా ఉన్న మనిషికి దారి అడ్డం నిలబడొద్దు, వాళ్ళకూ దారుండాల, మనకూ దారుండాల. కత్తెర ట్రేలో పైకి కనపడొద్దు. వాళ్ళ గొంతు లేస్తే మన గొంతు దించాల. నేను నేర్పిన చోట సిస్టర్ల మీద చేయి పడలే. ఈ మాట గర్వంగానే చెప్తాండా, దాంట్లో అబద్ధం లేదు.

ఇంకొకటి. నా క్లాసులో రాసుకుంటే చాలదు, నోటితో పలకాల. కోపంగా వచ్చిన కొడుకు మాదిరి నేను నిలబడతా, ఒక్కొక్కరూ లేచి నాకు జవాబు చెప్పాల. సిగ్గుపడితే వదిలేదాన్ని గాదు. ముందే నోటితో పలకకపోతే ఆ పొద్దుకు మాట నోటికి రాదు.

అన్నిటికంటే ముందు పలికించేది ఇది. మనిషి యాడున్నాడో చెప్పండి, యాడికి పోయినాడో చెప్పొద్దండి. "స్కానింగు రూములో ఉన్నాడు" అనండి. "స్కానింగుకు పోయినాడు" అనొద్దు. బయట ఆ మాటకు ఎన్ని అర్థాలైనా ఉండనీ, ఆసుపత్రిలో ఒకటే అర్థం. ఆ తర్వాత ఒక కథ చెప్తా. క్లాసులో చెప్పినట్లే మీకూ చెప్తా.

అందరం మాస్కులేసుకోని తిరిగే రోజులు. ఆళ్లగడ్డ నుంచి ఒక పెద్దాయప్ప వచ్చి చేరినాడు. రాతి విగ్రహాలు చెక్కే మనిషి, దుమ్ము పీల్చి పీల్చి ఊపిరాడక వచ్చినాడు. మధ్యాన్నం ఆయన కొడుకులిద్దరు పనికాడ నుంచి అట్లే వచ్చినారు, ఉలులు సుత్తులున్న సంచి భుజాన వేసుకోని. చూస్తే మంచం ఖాళీ. కౌంటరు కాడికొచ్చి "మా నాయన యాడ?" అని అడిగినారు. ఒక సిస్టరు తలెత్తకుండా "పోయినాడప్పా" అనింది. పెద్దోడు ఆడనే కూలబడినాడు. చిన్నోడు భుజాన ఉన్న సంచి తీసి విసిరి కౌంటరు అద్దం పగలగొట్టినాడు. వార్డంతా గలాటా. ఆ నడుమ చక్రాల కుర్చీలో పెద్దాయప్ప తిరిగొచ్చి "ఏందిరా ఈడ మీ రచ్చ?" అన్నాడు.

ఈడికొచ్చేసరికి అందరూ నవ్వుతారు. నవ్వినోళ్ళు ఆ మాట మళ్ళా జన్మలో అనరు. బాగా చెప్తా ఈ కథ, నాకు తెలుసు.

ఆ ఒక సిస్టరు ఎవరు?

నేనే. స్కానింగుకు అన్న ముక్క నోట్లోనే మింగేసి, ఉత్త పోయినాడప్పా అనేసి, మందుల ట్రే ఎత్తుకోని లోపలికి పోతి. నా పక్కన కౌంటర్లో ఇంకో సిస్టరుండె. ఈశ్వరమ్మ. బండి ఆత్మకూరు పక్క పల్లె పిల్ల, కొత్తగా చేరింది. ఆ పొద్దు రద్దీ ఎక్కువ, ఎవరికేం చెప్పిందో ఆ పిల్లకు గుర్తుండేటట్లు లేదు. అద్దం పగిలింది ఆ పిల్ల మీద. ఇద్దరివీ ఒకే రంగు బట్టలు, ఇద్దరి ముఖాలకూ మాస్కులు. కౌంటర్లో సిస్టరే చెప్పిందని కొడుకులు ఆమెను చూపించినారు. వాళ్ళు కావాలని చూపించింది గాదు.

ముంజేతికి కుట్లు వేస్తాంటే చేయి పట్టుకోని నిలబడింది నేనే. ఆ పిల్ల ఏడవలే. నా ముఖంలోకి చూసి అడిగింది.

"అక్కా, ఆ మాట నేనంటినా? నాకు గ్యాపకం రావడంలే."

"అనింటావులే మే. అంత రద్దీలో ఏం తెలుస్తాది?"

"అనింటానా?"

"అనింటావు."

అంతే. ఆ తర్వాత మేనేజిమెంటు వాళ్ళు పిలిచి అడిగితే ఈశ్వరమ్మ తనే ఒప్పుకునింది. పనిలోనుంచి తీసేసినారు. నన్ను పెద్ద సిస్టర్ని చేయాలని అప్పటికే అనుకుంటాండ్రి, చేసినారు. ఇట్లాంటిది మళ్ళా జరక్కుండా అందరికీ నేర్పమని నాకే చెప్పినారు.

భయపడి చేస్తినా? భయమే అయితే నోరు మూసుకోని ఉంటే సరిపోయేది గదా. మూసుకున్నా తప్పే, కానీ అది అందరూ చేసే తప్పు. "అనింటావు" అని ఎందుకంటి? ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతాది, ఆమెకూ దొరికింది. నేను తీసుకునింది ఉద్యోగం ఒకటే గాదు, తాను ఏం అనిందో ఏం అనలేదో తనకు తెలియకుండా చేస్తి. దొంగతనానికైనా ఒక పేరుంది. దీన్నేమనాల?

పోయినేడు ఆళ్లగడ్డలో క్లాసు చెప్తాండా. కథలో పెద్దాయప్ప కుర్చీలో తిరిగొచ్చినాడు, అందరూ నవ్వినారు. నవ్వు ఆగినాక వెనక వరసలోనుంచి ఒకామె లేచింది. ఈశ్వరమ్మ. ఆడ ఒక చిన్న నర్సింగ్ హోములో చేస్తాందంట. చొక్కా చేయి పైకి మడిచి కుట్ల మచ్చ చూపించింది.

"ఆ సిస్టరు నేనే. ఈ నోటితోనే అన్నా. పాపం ఆ కొడుకుల తప్పేం లేదు. మీరెవరూ అట్లా అనొద్దండి."

అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొడితి. నిజం చెప్తాండా, ఆ నిమిషంలో నాకు మొదట వచ్చింది సిగ్గు గాదు, గర్వం. నా క్లాసు ఎంతబాగా పట్టిందో చూడు అనుకుంటి. చూడబోతే ఆమె నిలబడినట్లు నా క్లాసులో ఎవరూ ఎప్పుడూ నిలబడలే. తాను చేయని తప్పుకు అంత నిటారుగా నిలబడింది. చేసినదాన్ని నేను మైకు పట్టుకోని ఎదురుగా ఉండా.

ఆ పొద్దు నుంచి క్లాసు పిలుపొస్తే ముందు ఆ పిల్లే గ్యాపకమొస్తాది. నా పని మీద నా గర్వం పోలే. పోవాల్సిన పనీ లేదు, ఆ క్లాసు వల్ల ఎందరో సిస్టర్లు క్షేమంగా ఇంటికి పోతాండారు. దాని పునాదిలో ఆ పిల్ల ఉందని మాత్రం ఎవరికీ తెలీదు. నేనెట్లా చెప్పాల?

ఈ పొద్దు ఆళ్లగడ్డలో మళ్ళా క్లాసు. నంద్యాలలో బస్సెక్కినా. కిటికీ పక్కన కూచోని, నేను అందరితో చేయించేదే నేనూ చేసినా. పెదాలు కదిలిస్తే చాలదని గొంతెత్తి పలికినా.

"ఈశ్వరమ్మా, పోయినాడు అన్నది నేను. నువ్వు అనలే. అనింటావు అన్నదీ నేనే."

పక్క సీట్లో ఒక ముసలామె వక్కాకు నములుతాండె. నా పక్కకు తిరిగి చూసింది.

"నేను ఈశ్వరమ్మను గాదమ్మా" అనింది.

"అవును. ఆమె ఆళ్లగడ్డలో ఉంది" అంటి.

ఆళ్లగడ్డ బస్టాండులో కూచోని ఫోన్లో ఇది రాస్తాండా. క్లాసుకు ఇంకా టైముంది. ఈ మాట వింటే ఈశ్వరమ్మ ఏమంటాదో, అసలు అంటాదో అనదో తెలీదు. మాట నోటికైతే వచ్చింది.