అవతలి ఒడ్డుకు వినపడే గొంతు

"...ఆవిడ గట్టు చివర నిలబడి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని, 'ఓ బాబాయ్! దోనె తే!' అని పిలిచేవారంటండీ. అవతల లంకలో అన్నాలు తింటున్నవాళ్ళు కూడా తలెత్తేవారంట."

 క్లాసులో బోర్డు ముందు నిలబడి చెబుతున్నది నా స్నేహితురాలు. మామూలుగా దాని మాట మూడో బెంచీ దాటదు. ఆరోజు మాత్రం అందరూ ముందుకు వంగి మరీ వింటున్నారు. ఎవరో గానీ భలే ఆవిడే అని నేనూ వింటున్నాను.

"ఆ లంకలో బడికెళ్ళే పిల్లలు దోనె కోసం ఆవిణ్ణే పిలవమనేవారంటండీ. రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, దోనెని పిలవమని ముందు ఆవిణ్ణే నిద్రలేపేవారంట. ఇప్పుడు భీమడోల్లో ఉంటారు. మా ఫ్రెండు వాళ్ళ అమ్మగారేనండీ."

అందరూ నావైపు తిరిగారు. అంతా తెలిసినదానిలా నవ్వుతూ తలూపాను. నాకేం తెలుసు, నా మొహం! అమ్మ పుట్టిల్లు కొల్లేరు లంక అని తెలుసు. అక్కడ తాటిమొద్దు తొలిచి చేసిన దోనెల్లో తిరిగేవారని తెలుసు. మా అమ్మకి అంత గొంతు ఉందని మాత్రం తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ పిలుపు మొదటిసారి నేను విన్నది ఎవరి నోట? దాని నోట. అదీ సరిగ్గా రాని గొంతుతో.

ఇంటర్ అయ్యాక ఊరికే ఇంట్లో కూర్చోవడమెందుకని, ఏలూరులో చక్కగా మాట్లాడటం నేర్పే కోర్సులో చేరాను. రోజూ భీమడోలు నుంచి రైల్లో వెళ్ళి వస్తాను. మొదటిరోజే సారు నన్ను చూసి "ఈ అమ్మాయికి మైకక్కర్లేదు" అన్నారు. నాకంటే బాగా ఇంకెవరు మాట్లాడతారులే అనుకునేదాన్ని. నా స్నేహితురాలిది మండవల్లి దగ్గర పల్లెటూరు, వాళ్ళకి చేపల చెరువులున్నాయి. ఏలూరు హాస్టల్లో ఉంటుంది. ప్రతివారం అంతదూరం పోలేక ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. నేనే తీసుకొచ్చాను. ఎవరు తెచ్చిపెట్టమన్నారు నన్ను!

ఆ వారం సారు ఇచ్చిన పని ఇదీ: ఎవరైనా పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడాలి, అప్పటిదాకా మనకి తెలియని సంగతి ఒకటి తెలుసుకొచ్చి క్లాసులో చెప్పాలి. నేను మా నాన్న ట్రాక్టరు గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అంతా విని సారు, "బాగుందమ్మా. ఇందులో నీకు ముందు తెలియనిదేదీ?" అన్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నా తర్వాత లేచింది అదే.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినా సుఖం లేదు. ఆదివారం ఏం జరిగిందో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. చర్చి నుంచి వచ్చాక అమ్మా అదీ పెరట్లో రొయ్యలు వొలుస్తూ కూర్చున్నారు. కూల్‌డ్రింకు తెస్తానని నేను కొట్టుకి వెళ్ళాను. అక్కడ కొట్టావిడ వాళ్ళ కోడలి సంగతులు ఎత్తింది. నేను వచ్చేసరికి రొయ్యలు అయిపోయాయి, కూల్‌డ్రింకు వేడెక్కిపోయింది. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే రైల్లో కడుపు మండిపోయింది.

చర్చిలో అమ్మ పెదవులు కదుపుతుందిగానీ పాట వినపడదు. పాటలు రావేమో అనుకునేదాన్ని. నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెం బస్టాండులో తప్పిపోతే, నన్ను పేరుపెట్టి పిలవకుండా అన్ని బస్సుల చుట్టూ తిరిగి వెతుక్కుంది. నేను ఏడుస్తుంటే వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది. అరవడం చేతకాదేమో అనుకున్నాను.

ఇంట్లో అడుగు పెడుతూనే అడిగేశాను.

"దోనె సంగతి నాకెందుకు చెప్పలేదే?"

అమ్మ పొయ్యి దగ్గరనుంచి తిరిగి కూడా చూడలేదు. "ఏ దోనె?"

"అబ్బా, ఏమీ తెలియనట్టు! దానికి చెప్పావుగా. క్లాసంతా నీ గురించే. నేనేమో వెర్రిమొహంలా తలూపాను."

"ఆ పిల్ల అక్కడ చెప్పేసిందా?" అమ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి. అది చూసి నాకు ఇంకా మండింది. "నీకూ మొదలెట్టానే. నువ్వు ఫోనెత్తావు."

"ఎప్పుడూ?"

"ఓసారేంటి? మొన్న వర్షం పడ్డప్పుడు. అంతకుముందు మీ మావయ్య వచ్చినప్పుడు. 'ఒక్క నిమిషమమ్మా' అంటావు. ఆ నిమిషం అవదు."

 మాట మార్చి ఇంకోటి అడిగాను. "మరి ఇప్పుడెందుకు అలా పిలవవు?"

"పెళ్ళయి వచ్చిన కొత్తలో కాలవ దగ్గరున్న మీ నాన్నని అన్నానికి పిలిచాను. వీధిలో అందరూ బయటికొచ్చారు. మీ నానమ్మ, 'ఇది కొల్లేరు కాదమ్మాయ్, ఇక్కడ మనుషులకి చెవులున్నాయి' అంది. సిగ్గేసింది. అంతే, మానేశాను."

"ఇది కూడా దానికి చెప్పావా?"

అమ్మ కూరలో గరిటె మరీ గట్టిగా తిప్పడం మొదలెట్టింది. చెప్పిందన్నమాట!

"అయితే ఒక్కసారి పిలువు. నేను వింటాను."

"పిచ్చా నీకు? పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు?"

"అది అడిగితే పిలిచేదానివి."

"అదడగలేదే. రొయ్యలు వొలిచింది, విన్నది."

ఆ మాటకి అన్నం తినబుద్ధి కాలేదు. ఎప్పుడూ పక్కన పడుకుని ఆ రోజు కబుర్లన్నీ అమ్మకి చెబుతాను. ఆరోజు గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ రెండుసార్లు "ఏమే" అంది. దుప్పటి తలమీదకి లాక్కున్నాను. పోనీ, ఆ సంగతి దానికి చెప్పింది, దాని దగ్గరే ఉండనీ. ఆ పిలుపు మాత్రం అది వినలేదు కదా. దాన్ని ఇంకెవరికీ పోనివ్వదలచుకోలేదు నేను.

మర్నాడు పొద్దున్న అమ్మ ఎప్పట్లాగే క్యారేజీ సర్ది గుమ్మం పక్క అరుగు మీద పెట్టింది. చూసి కూడా చూడనట్టు దాన్ని అక్కడే వదిలేసి చెప్పులు వేసుకున్నాను. వీధి మలుపులో ఫోను స్విచాఫ్ చేశాను. మా ఇంటి ఎదురుగా ఉన్న కాలవ మీద వంతెన దాటి, స్టేషన్‌వైపు వెళ్ళకుండా, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా అవతలి గట్టు మీద ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాను. రైలుకి టైమవుతోంది. అమ్మ పిలుపు వినపడేదాకా కదలదలచుకోలేదు.